వాన లెక్కలో మనది ఎడారి కాదు



అనంతపురం ఎడారి అయిపోతోందని ఏళ్ల తరబడి వింటున్నాం. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మనదేనని పత్రికలు రాస్తాయి, అధికారులు సభల్లో చెబుతారు. ఆ మాట విని మనమూ ఆకాశం వైపు చూసి ఊరుకుంటున్నాం. ఈరోజు ముందు ఆ లెక్కే చూద్దాం.

ఏడాదికి 250 మిల్లీమీటర్లకు తక్కువ వాన పడే నేలను ఎడారి అనడం పాత వాడుక. జైసల్మేర్‌లో 200 మి.మీ.కు అటూ ఇటూగా పడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు 550 మి.మీ. వాన ఒక్కటే చూస్తే చాలదని శాస్త్రవేత్తలు ఎండనూ లెక్కలోకి తీసుకుంటారు. ఎండా గాలీ కలిసి నేల నుంచి, పైరు నుంచి ఎంత నీరు లాగగలవో అందులో ఐదో వంతు వాన కూడా రాకపోతే అది ఎడారి కోవలోకి వస్తుంది. ఐదో వంతుకు పైన, సగానికి లోపు ఉంటే అర్ధశుష్క ప్రాంతం. మనది ఈ రెండోది.

నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుంటాయి. అక్కడి ఆగుంబెలో ఏడాదికి 7 వేల మి.మీ. దాకా కురుస్తుంది. కొండ దిగి మన దగ్గరికి వచ్చేసరికి ఆ గాలిలో తడి ఉండదు. ఈశాన్య వానలు కోస్తాను తడిపాక మనకు మిగిలేది కొంచెం. దీన్ని ఏ ప్రభుత్వమూ మార్చలేదు, సరే.

కానీ ఎకరం మీద 1 మి.మీ. వాన అంటే 4 వేల లీటర్ల నీరు. 550 మి.మీ. అంటే 22 లక్షల లీటర్లు! ఇంత పడే చోట శనక్కాయ ఎందుకు ఎండుతోంది? జూలైలో పదునైందని విత్తుతాం. ఊడలు దిగే వేళకు నెల రోజులు చినుకు ఉండదు. తర్వాత రెండు రాత్రుల్లో కుంభవృష్టి కురిసి, ఎర్రమట్టిని ఊడ్చుకుని వంకలో కలుస్తుంది. ఏడాది చివర లెక్క కట్టేవాళ్లకు 'సాధారణ వర్షపాతం' కనిపిస్తుంది. మనకు కట్టె తప్ప కాయ ఉండదు.

ఇసుక దిబ్బలు చూడాలంటే రాజస్థాన్ వెళ్లక్కర్లేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఉన్నాయి. అక్కడ పడేదీ ఎడారి వాన కాదు. ఎండిన ఏటి ఇసుకను ఆషాఢ గాలులు ఎత్తుకొచ్చి పొలాల్లో పోస్తున్నాయి. ఏట్లో నీరు పారితే, ఒడ్డున చెట్లు నిలిస్తే ఆ ఇసుక అంతగా కదలదు.

అందుకే 'ఎడారి' అనే మాటతో మనకు పేచీ. తప్పంతా ఆకాశానిదే అంటే పూడిక తీయని చెరువు గురించి, తెగిన గట్టు గురించి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు కదా!

మండల కేంద్రంలో వాన పడితే పదిహేను కిలోమీటర్ల అవతలి ఊళ్లోనూ పడినట్టే రాసుకుంటున్నారు. కరవు ప్రకటనలోనూ ఆ అంకెను లెక్కలోకి తీసుకుంటున్నారు. ప్రతి పంచాయతీకీ వానమాపకం కావాలి. వరుసగా వాన లేని రోజులను పైరు దశతో కలిపి లెక్కించాలి. ఇవి మన డిమాండ్లు.

అవి నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. నిటారు అంచుల డబ్బా ఒకటి, స్కేలు ఒకటి చాలు. చెట్టు, గోడ అడ్డం లేని చోట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయండి. వాన పడని రోజు సున్నా రాయడం మరవొద్దు, మనకు కావలసింది ఆ సున్నాలే. పంట కోతలయ్యాక అన్ని ఊళ్ల పుస్తకాలూ పట్టుకుని కలెక్టరేటుకు వెళ్దాం.