టెలిస్కోపు ఫోకసుకు స్టెప్పర్ మోటారు: ఎంపిక ఎలా?

(సత్తెనపల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను లెక్కల మీద, డి.ఎ. బకాయిల మీద సాధికారంగా మాట్లాడగల పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాలూ ఆకాశానికి కేటాయిస్తాను. మా డాబా మీద టెలిస్కోపు పెట్టి పేట పిల్లలకు చంద్రుణ్ణి చూపిస్తున్న సంగతి మీలో కొందరికి తెలుసు. ఆరంగుళాల అద్దం, పి.వి.సి. గొట్టం, ప్లైవుడ్డు పీఠం. అన్నీ ఇంట్లో బిగించుకున్నవే.

మన వయసువారికి ఇందులో ఒక చిక్కుంది. కంటి దగ్గర పెట్టే కటకాన్ని, అంటే ఐపీసును, ముందుకీ వెనక్కీ జరిపితేగాని బొమ్మ స్పష్టం కాదు. జరిపే అమరికను ఫోకసర్ అంటారు. దాని నాబు మీద చెయ్యి వేస్తే చాలు, నూరు రెట్లు పెంచి చూపే టెలిస్కోపు మన వణుకును కూడా నూరు రెట్లు చూపిస్తుంది. శని వలయాలు కనబడవలసిన చోట వెలుగుముద్ద ఊగుతూ ఉంటుంది. చెయ్యి తగలకుండా ఐపీసును జరపడానికే మోటారు. చేతులు వణుకుతున్నాయని ఆకాశం చూడటం మానుకోనక్కరలేదని చెప్పడమే నా ఉద్దేశం.

మామూలు మోటారు కరెంటు ఇస్తే తిరుగుతుంది, ఎంత తిరిగిందో లెక్క చెప్పదు. స్టెప్పర్ మోటారు అడుగులు వేస్తూ తిరుగుతుంది. పది అడుగులు వెయ్యమంటే పదే వేస్తుంది.

ఏ మోటారు కొనాలి? అవసరం రాయకుండా ఇండెంటు పెట్టకూడదని మనకు తెలిసిందే. ముందు లెక్క చూద్దాం. అద్దం నాభ్యంతరాన్ని దాని వ్యాసంతో భాగించండి. నా అద్దానికి 48ని 6తో భాగిస్తే 8. ఎనిమిది ఎనిమిదులు 64, దాన్ని 2.2తో గుణిస్తే సుమారు 140. అన్ని మైక్రాన్ల మేర, అంటే 0.14 మిల్లీమీటరు హద్దులో, బొమ్మ స్పష్టంగా నిలుస్తుంది. నాభ్యంతరం వ్యాసానికి అయిదు రెట్లే ఉంటే ఆ హద్దు 0.055కు తగ్గిపోతుంది.

నా ఫోకసర్ ఇరుసు మందం 6 మి.మీ. అది ఒక చుట్టు తిరిగితే ఐపీసు గొట్టం సుమారు 19 మి.మీ. జరుగుతుంది. బజారులో విరివిగా దొరికే మోటార్లు రెండు. ‘నెమా 17’ రకం ముఖం 42 మి.మీ. చదరం, సాధారణంగా చుట్టుకు 200 అడుగులు. అంటే అడుగుకు 0.095 మి.మీ. మన హద్దులో ఒకటిన్నర అడుగు కూడా పట్టదు. రెండోది ‘28 బి.వై.జె.-48’. చిన్నది, గేర్లు లోపలే ఉంటాయి, చుట్టుకు సుమారు 2,048 అడుగులు. అడుగుకు 0.009 మి.మీ. అదే హద్దులో 15 అడుగులు పడతాయి. కనుక మోటారు పెద్దదా అని కాదు, అడుగు చిన్నదా అని చూడాలి. బరువైన కెమెరా తగిలించేవారు మాత్రం గేరుపెట్టె బిగించిన నెమా 17 తీసుకోవాలి. ఉత్త ఐపీసుకు చిన్నది చాలు.

ఈ మోటారులో 5 వోల్టుల రకం, 12 వోల్టుల రకం ఉన్నాయి. 5 వోల్టులది తీసుకుంటే సెల్‌ఫోను చార్జరుతో నడుస్తుంది. దాన్ని నడిపే యు.ఎల్.ఎన్. 2003 బోర్డుతో కలిపి రెండు మూడు వందల రూపాయలకు మించదు. పైన ఒక ఆర్డ్యునో, రెండు బటన్లు కావాలి. ఇంజనీరింగు చదివే మనుమడో మనుమరాలో ఉంటే ఆ పని వారికి అప్పగించండి.

జాగ్రత్తలు రెండు. గేర్ల మధ్య కొంచెం సందు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే దిక్కునుంచి ఫోకసుకు రావాలి. మోటారు బిగించి ఉండగా నాబును చేత్తో తిప్పకూడదు, గేర్ల పళ్లు విరుగుతాయి.

రాత్రి చల్లబడేకొద్దీ గొట్టం కుంచించుకుంటుంది. మీటరు పి.వి.సి. గొట్టం డిగ్రీకి 0.05 మి.మీ. పైనే తగ్గుతుంది. మూడు డిగ్రీలు చల్లబడితే ఫోకసు హద్దు దాటినట్టే. మళ్ళీ సరిచేసుకోవాలి.

మనకు మరో లాభం ఉంది. శుక్లాల ఆపరేషను అయినవారు, కళ్లజోడు తీసి చూసేవారు, ఒక్కొక్కరిదీ ఒక్కో చూపు. 25 మి.మీ. ఐపీసుతో కళ్లజోడు ఒక పవరు తేడాకు సుమారు 70 అడుగులు జరపాలి. గొట్టాన్ని పూర్తిగా లోపలికి తెచ్చి సున్నా అనుకుని, ఎవరి అంకె వారిది నోటుపుస్తకంలో రాసుకుంటే చీకట్లో వెతుకులాట తగ్గుతుంది. చూపులో ఆస్టిగ్మాటిజం ఉన్నవారు మాత్రం కళ్లజోడుతోనే చూడాలి.

గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్నంలో సొంతంగా వేధశాల పెట్టారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం పరిశీలించారు. ఆయన ఆకాశం కోసం ఉద్యోగాన్ని వదిలారు. మనల్ని ఉద్యోగమే వదిలింది. తీరికకు లోటు లేదు.

శుక్లపక్షంలో సప్తమి, అష్టమి రాత్రులు చంద్రుడి మీది గుంటలు బాగా కనబడతాయి. కుటుంబసమేతంగా రండి. మెట్లకు చేతిపట్టు ఉంది. మీ అంకె కూడా పుస్తకంలో రాసుకుందాం.