అమ్మ ఒడి కారులో సరిపోదు



సంతానం అల్లాహ్ మన చేతికిచ్చిన అమానత్ అని ఖుత్బాల్లో తరచు వింటుంటాం. ఆ అమానత్‌ను కారులో ఎలా కూర్చోబెడుతున్నామో ఈ రోజు మాట్లాడుకుందాం.

నికాహ్‌కో, అఖీఖాకో బయలుదేరినప్పుడు చూడండి. ముందు సీట్లో తల్లి, ఆమె ఒడిలో చంటిబిడ్డ. ఒడిని మించిన రక్షణ లేదని మన నమ్మకం. ఒకసారి లెక్క వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడను గుద్దితే, బెల్టు లేనివారికి తగిలే దెబ్బ సుమారు 32 అడుగుల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడినట్టే. ఆ క్షణంలో ఏ తల్లి చేతులూ బిడ్డను పట్టి ఆపలేవు. లోపం ప్రేమలో కాదు, అంత బలం మనిషి చేతులకు లేదు. తల్లీబిడ్డలకు కలిపి ఒకే బెల్టు పెట్టడం ఇంకా ప్రమాదం. తల్లి బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

అందుకే పిల్లల సీటు కావాలి. దుబాయిలో ఉన్న మన పిల్లలకు ఇది తెలుసు. అక్కడ నాలుగేళ్లలోపు వారికి 2017 నుంచి ఇది తప్పనిసరి. అదే కుటుంబం శంషాబాద్‌లో దిగగానే బిడ్డ మళ్లీ ఒడిలోకి వస్తుంది. మన దేశంలోనూ చట్టం ఉంది. 2019 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

సీటు కొంటే చాలదు, సరిగా బిగించాలి. నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, సీటును కారు వెనుక సీట్లోనే పెట్టండి. చంటిబిడ్డ ముఖం కారు వెనుక వైపుకి ఉండాలి. కనీసం 15 నెలల వరకు, ఆ సీటు పరిమితి అనుమతిస్తే ఇంకా ఎక్కువ కాలం అలాగే ఉంచండి. బిడ్డ తల పెద్దది, మెడ లేతది. గుద్దుకున్నప్పుడు ఆ అదురును సీటు వీపే కాస్తుంది. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఇలాంటి సీటు పెట్టనే కూడదు.

రెండు, బిగించాక సీటును మొదట్లో పట్టుకుని ఊపండి. అంగుళానికి మించి కదలకూడదు.

మూడు, బిడ్డ భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత వేళ్లకు దొరికితే అది వదులుగా ఉన్నట్టే. మందపాటి స్వెట్టరు తీసేసి, పట్టీ బిగించాక పైన శాలువా కప్పండి.

నాలుగు, పిల్లలు ఎదిగాక బూస్టరు సీటు వేయండి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాకే పెద్దల బెల్టు వారికి సరిగా కుదురుతుంది. బెల్టు పొట్ట మీద కాదు, తొడల పైభాగాన ఉండాలి. మెడ మీద కాదు, భుజం మధ్యన పడాలి.

కారు లేనివారి మాట కూడా చెప్పాలి. మనలో ఎక్కువమందికి ఉన్నది మోటార్‌సైకిలే. 9 నెలలు దాటి నాలుగేళ్లలోపు ఉన్న బిడ్డను బండి మీద తీసుకెళితే, నడిపేవారికి కట్టుకునే రక్షణ పట్టీ, బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది.

రాసిపెట్టింది జరుగుతుందిలే అని కొందరంటారు. ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు దాన్ని కట్టమని, ఆపైన తవక్కుల్ చేయమని ప్రవక్త (స) బోధించిన సంగతి తిర్మిజీ హదీసుల్లో ఉంది. ఒంటె విషయంలోనే అంత జాగ్రత్త చెబితే, బిడ్డ విషయంలో వేరే చెప్పాలా?

చివరిగా ఒక మనవి. ఈ సీట్ల ధర అందరికీ అందేది కాదు. మన సొసైటీ కొన్ని కొత్త సీట్లు కొని, కాన్పు తర్వాత బిడ్డను ఇంటికి తెచ్చుకునేవారికి, దూర ప్రయాణం చేసేవారికి వాడుకుని తిరిగిచ్చేలా ఇవ్వవచ్చు. ప్రమాదానికి గురైన సీటును మాత్రం మళ్లీ వాడకుండా పక్కన పడేయాలి. ఒక్క సీటు ఎందరో పిల్లలను కాపాడితే, కొనిచ్చినవారికి అది సదఖా జారియా అవుతుంది, ఇన్‌షా అల్లాహ్.