యాంప్లిఫయర్ హమ్మింగ్ చేస్తే ఏం చేయాలి?

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బ్యాచ్‌లో డాక్టర్లున్నారు, సింగరేణి ఇంజనీర్లున్నారు, టీచర్లున్నారు. నాకు తెలిసింది సోల్డరింగ్ ఐరన్. అందుకే మాట్లాడమన్నప్పుడు ఆ పని గురించే చెప్తానన్నాను. చెప్పేది ఒక్కటే మాట: పార్టు మార్చడం రిపేరు కాదు, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం రిపేరు.

మొన్న ఎండాకాలం పోయాక మంచిర్యాల నుంచి మన దోస్తు ఒకడు వాళ్ల నాన్న వాడిన యాంప్లిఫయర్ తెచ్చాడు. క్యాసెట్ల కాలంలో అసెంబుల్ చేయించిన సెట్టు. రెండు స్పీకర్లలోనూ ఒకటే హమ్మింగ్. అప్పటికే ఎవరో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, అంటే 2ఎన్3055లు, రెండుసార్లు మార్చారు. చివరికి "పారేసి కొత్తది కొనుక్కో" అన్నారట. వాళ్ల నాన్న గొంతున్న క్యాసెట్లు వీడి దగ్గరున్నాయి. వాటిని ఆ సెట్టులోనే వినాలని పట్టుదల.

మొదట సిరీస్ బల్బు పెట్టాను. సెట్టుకు వచ్చే కరెంటు 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు గుండా పోవాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది. లేకపోతే ఒకసారి మెరిసి మందగిస్తుంది. మందగించింది. తర్వాత స్పీకరు వైర్లు కలిపే చోట మీటరు పెడితే డీసీ దాదాపు సున్నా. అంటే ట్రాన్సిస్టర్లు బాగానే ఉన్నాయి.

ఇప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను. హమ్మింగ్ తగ్గలేదు. కాబట్టి తప్పు వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు భాగంలో లేదు. పైగా రెండు వైపులా ఒకేలా వస్తోంది. రెండు వైపులకూ ఉమ్మడిగా ఉన్నది పవర్ సప్లయ్ ఒక్కటే. ఇంకా ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే సగం దారి దొరికింది.

మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జి డయోడ్లు దాటాక అది సెకనుకు 100 అలలవుతుంది. ఆ అలలను చదును చేసేది ఫిల్టర్ కెపాసిటర్, మన మెకానిక్‌ల భాషలో కండెన్సర్. మూత తీసి చూస్తే రెండు పెద్ద కండెన్సర్లూ హీట్‌సింక్‌ పక్కనే ఉన్నాయి, తలలు ఉబ్బి ఉన్నాయి. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని లెక్క. రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో, గాలాడని అద్దాల బీరువాలో పెడితే లోపలి ద్రవం ఆరిపోక ఏమవుతుంది?

ప్లగ్గు పీకినా కండెన్సర్లో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి దించి, మీటరుతో చూసుకొని ముట్టాలి. 4700 మైక్రోఫారడ్లు ఉంటే అంతే వేయాలి. వోల్టులు మాత్రం పాతదాని కంటే తక్కువ కాకూడదు. 105 డిగ్రీల రకం మేలు. ప్లస్సు, మైనస్సు తారుమారైతే పేలుతుంది. కొత్తవి వేశాక హమ్మింగ్ పోయింది. రెండుసార్లు మార్చిన ట్రాన్సిస్టర్లకు ఏ పాపం తెలియదు.

మావాడికి ఆశ పుట్టింది. 4558 ఐసీ తీసి ఎన్ఈ5532 పెడితే సౌండ్ ఇంకా బాగుంటుందన్నాడు. కాళ్లు సరిపోతాయి, సాకెట్ కూడా ఉంది. సరే గానీ, ఏది పెట్టానో చెప్పను, విని నువ్వే చెప్పు అన్నాను. ఆరుసార్లు వింటే మూడుసార్లు సరిగ్గా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది! పాత ఐసీనే ఉంచేశాం. ఏ పార్టయినా ఒక్కొక్కటే మార్చి, చెవికి నిజంగా తేడా తెలిస్తేనే ఉంచాలి.

ఇందులో వాడిన చదువంతా పదో తరగతి లోపుదే. మన సార్లు బోర్డు మీద పొటెన్షియల్ భేదం, నిరోధం అని రాసి చెప్పిందే. అది చేతిలోకి రావాలంటే పిల్లలకు పనిముట్లు కావాలి. మన బడి ల్యాబుకు మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, ఇళ్లల్లో మూలపడ్డ బ్యాటరీ రేడియోలు ఇద్దాం. మెయిన్స్ కరెంటు సెట్లు మాత్రం పిల్లల చేతికి వద్దు. నా వంతుగా రెండు మీటర్లు ఈరోజే హెడ్మాస్టర్ గారికి ఇస్తున్నాను. నెలకో శనివారం నేనే వచ్చి నేర్పుతాను. ఇంకో ఇద్దరు నాతో వస్తే చాలు.

సెలవు.