రెండు ఉంగరములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఇంచుమించు దీని యీడుదే యైన మరియొక వస్తువు నేడు మనలో పలువురి జేబులలో నున్నది. అది పెన్‌డ్రైవు. 2000వ సంవత్సరమున తొలుత అమ్మకమునకు వచ్చినపుడు దానిలో 8 మెగాబైట్లు మాత్రమే పట్టెడివి. నేటి 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో ఒక యూరి కాగితము లన్నియు ఇమిడిపోవును. ఊరంతయు ఒక జేబులో నుండగా ఆ జేబు చిరిగినచో ఏమగునో నేను పుస్తకమున చదివి నేర్వలేదు, పోగొట్టుకొని నేర్చితిని.

మా తండ్రిగారు పట్వారీ. పటేలు, పట్వారీ పదవులు 1984లో రద్దగు వరకు పహాణీలను ఎఱ్ఱగుడ్డలో మూటగట్టి, సందూకలో నుంచి తాళము వేసెడివారు. ఆ మూట బరువే దానికి కాపలా. తెలియకుండ జారిపోవుటకు అది వీలైనది కాదు. ఊరివారి లెక్కలు వ్రాయుట నాకును వృత్తియైనది గాని, నా మూట తులమెత్తు కూడ లేదు.

మూడేండ్ల క్రిందట జగిత్యాలలో బస్సెక్కితిని. కరీంనగరమున దిగునప్పటికి అంగీ జేబులో పెన్‌డ్రైవు లేదు. అందు 43 మంది రైతుల ఆధారు కార్డులు, పట్టాదారు పాసుపుస్తకములు, బ్యాంకు పుస్తకముల నకళ్లు ఉండెను. గల్ఫునకు పోనున్న ఇద్దరు కుఱ్ఱవాండ్ర పాస్‌పోర్టులును ఉండెను. దేనికిని తాళము లేదు. ఇంటి కంప్యూటరులో అన్నింటికి నకలుండుటచే నా పని ఒక దినమైనను ఆగలేదు. మనసు కుదుటపడినది. అయినను చెప్పుట ధర్మమని ఇల్లిల్లు తిరిగితిని. ఒక ముసలమ్మ నా మాట యంతయు విని, "పంతులూ, పోయింది నీదా, నాదా?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నాకు రెండు ఉంగరములు జ్ఞప్తికి వచ్చినవి. కాళిదాసు శాకుంతలమున ఉంగరము నీట జారినది. దాని వలని దుఃఖము పోగొట్టుకొన్నామెది. అది తిరిగి దొరకగానే కథ చక్కబడినది. విశాఖదత్తుని ముద్రారాక్షసమున రాక్షసమంత్రి ముద్రికయు జారినది. కాని అది చాణక్యుని చేతికి చేరినది. ఆ ముద్రతో దొంగలేఖ సృష్టింపబడి, మలయకేతునకు రాక్షసునిపై గల నమ్మకము చెడినది. మొదటి నష్టమునకు మందు నకలు. రెండవదానికి నకలు పనికిరాదు, తాళము కావలయును. నేను శకుంతల ఉంగరమునకే జాగ్రత్తపడి, రాక్షసుని ఉంగరమును మరచితిని.

దొరికినవాడు తెరచునా యని సందేహింపవలదు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ ప్రాంగణమున పరిశోధకులు 297 పెన్‌డ్రైవులను కావలెననియే జారవిడిచిరి. నూటికి 45 వంతుల వానిలో దొరికినవారు ఫైళ్లు తెరచినట్లు 2016లో వెల్లడించిరి. వారిలో పెక్కురు దొంగలు కారు. సొంతదారు ఎవరో తెలిసికొన గోరినవారే.

తాళ మనగా ఫైలును కంటికి కనబడకుండ దాచుట కాదు. అక్షరములను తారుమారు చేయుట. తాళపుమాట తెలియనివానికి అర్థము లేని గుర్తులే మిగులును. 2009లో విండోస్ 7తో వచ్చిన బిట్‌లాకర్ టు గో ఈ పని చేయును. అది లేని కంప్యూటరున వెల లేకుండ దొరకు వెరాక్రిప్ట్ చాలును. తాళపుమాటగా ఊరిపేరు, బిడ్డపేరు, ఫోను నంబరు కూడవు. ఒకదానితో నొకటి పొసగని నాలుగైదు మాటలు మేలు. బిట్‌లాకర్ ఇచ్చు 48 అంకెల తాళమును కాగితమున వ్రాసి ఇంటి పెట్టెలో నుంచవలయును. పెన్‌డ్రైవుతో పాటు సంచిలో కాదు.

2022 జూన్‌లో జపానులోని అమగసాకి నగరమున 4,60,000 మందికి పైగా జనుల వివరములు గల పెన్‌డ్రైవును, పని ముగిసి మద్యము సేవించి వీధిలో నిద్రించిన ఒక ఉద్యోగి పోగొట్టెను. దానికి తాళముండెను గనుక ఆపద తగ్గినది. కొన్నాళ్లకు సంచియు దొరకినది. అయితే అధికారులు పత్రికలవారి యెదుట, తాళపుమాట 13 అక్షరములదని తామే చెప్పి మాటపడిరి. తాళము వేయుట ఎంత ముఖ్యమో నోరు కట్టుకొనుటయు అంత ముఖ్యము.

మఱికొన్ని మాటలు. జిరాక్సు దుకాణమునకు పోవునపుడు ఆ దినమునకు కావలసిన కాగితమునే తీసికొని పొండు. అచటి కంప్యూటరులో తాళము తీసినచో అందున్నదంతయు దానికి తెలిసిపోవును. చాలిన చోట, చివరి 4 అంకెలు మాత్రమే కనబడు ఆధారు ప్రతి నిండు. డిలీట్ చేసిన ఫైలు చెరిగిపోయిన దనుకొనకుడు. తగిన సాధనముతో దానిని పెక్కుసార్లు మరల రప్పింపవచ్చును. ఇతరుల కాగితములు పోయినచో ఆ దినముననే వారికి చెప్పుడు. ఆధారు వ్రేలిముద్రలకు తాళము వేయించుడు. రేషను తెచ్చుకొను దినమున దానిని తాత్కాలికముగ తెరువవచ్చును. ఖాతాలో సొమ్ము మోసముచే పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు.

అంతరంగిక జీవనము ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమును చేయబడినది. ముసలమ్మకు ఈ చట్టములు తెలియవు. కాని ఆమె ప్రశ్నలో చట్టమంతయు ఉన్నది. మన చేతిలోని పరుల కాగితము మన సొత్తు కాదు, అమానతు.

ఆ పెన్‌డ్రైవు నేటికిని దొరకలేదు. ఎవరికిని కీడు జరిగినట్లు వినలేదు, జరుగదని చెప్పజాలను. అదియే నాకు శిక్ష.

ఈ రజతోత్సవ సమయమున నా చిన్న కానుక యిది: ప్రతి ఆదివారము సాయంకాలము నేను ఈ గ్రంథాలయమున కూర్చుండెదను. మీ పెన్‌డ్రైవులు తెండు, తాళము వేయు విధము చూపెదను. తాళపుమాట మాత్రము నాకును చెప్పకుడు. సెలవు.