టీవీ చూస్తే స్పానిష్ వస్తుందా?



మా అక్క కూతురు బెంగళూరులో నర్సింగు చదివి, ఇప్పుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున ఫోను చేసింది. కుశల ప్రశ్నలు ముగియకముందే, "చిన్నమ్మా, నువ్వు బడిపంతులమ్మవి గదా, ఒక సంగతి చెప్పు. ఏడాదిగా రోజూ గంటసేపు స్పానిష్ టీవీ పెట్టుకుని కూర్చుంటున్నా. ఒక్క ముక్క నోటికి రాలేదు. నాకు బుర్ర లేదా, టీవీలో లోపమా?" అని అడిగింది.

ఎందుకింత ఆరాటమే అంటే, అప్పుడు అసలు సంగతి చెప్పింది. ముందురోజు రాత్రి డ్యూటీలో మెక్సికో నుంచి వచ్చిన ఒక ముసలమ్మ "కొబీహా, కొబీహా" అని అడుగుతూనే ఉందట. ఈ పిల్ల నీళ్లిచ్చింది, దిండు సర్దింది, దీపం ఆర్పింది. ఆ తల్లి విసిగి గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లవారి ఆమె కూతురు వచ్చి చెబితే తెలిసింది, కొబీహా అంటే దుప్పటి. చలికి రాత్రంతా ముడుచుకుని పడుకున్న మనిషిని తలుచుకుని మా పిల్ల ఫోనులో ఏడ్చింది.

మనకు ఈ స్పానిష్ గొడవ ఎందుకు అని మీరు అనుకోవచ్చు. టెక్సాసులో పదిమందిలో దాదాపు నలుగురు స్పానిష్ మూలాల వారు. అమెరికా మొత్తం మీద ఇంట్లో ఆ భాష మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. వారంతా నిన్న మొన్న వలస వచ్చినవారని అనుకోకండి. టెక్సాస్ 1836 వరకు మెక్సికోలో భాగం. 1848లో రెండు దేశాల యుద్ధం ముగిసి సరిహద్దు గీత కిందికి జరిగినప్పుడు, చాలా కుటుంబాలు ఉన్న ఊళ్లోనే ఉండి మరో దేశంవారయ్యాయి. 1953లో, 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మన తాతలు ఉన్న ఇంట్లోనే ఉండి వేరే రాష్ట్రం వారైపోయారు చూడండి, కొంచెం అలాంటిదే. అక్కడ 1955లోనే శాన్ ఆంటోనియో నగరంలో పూర్తిగా స్పానిష్‌లో నడిచే టీవీ కేంద్రం ఒకటి మొదలయింది. ఇప్పుడు మీట నొక్కితే చాలు, వార్తలు, సీరియళ్లు, ఫుట్‌బాల్ ఆటలు రాత్రింబవళ్లు వస్తూనే ఉంటాయి. మరి అంత భాష ఇంట్లో మోగుతూ ఉంటే, ఒక్క ముక్క రాకపోవడం ఏమిటి?

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నేను బడిలో కన్నడం చెబుతాను, ఇంట్లో తెలుగు మాట్లాడతాను. స్పానిష్ నాకు తెలియదు. కానీ ఆ పిల్ల కోసం నేనూ ఒక పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వారానికోసారి ఫోనులో ఒకరికొకరం పాఠం అప్పజెప్పుకునేవాళ్లం.

మొదట నాకు గుర్తొచ్చింది దూరదర్శన్ రామాయణం. 1987, 1988 సంవత్సరాల్లో ఆదివారం పొద్దున మా వీధంతా టీవీ ఉన్న ఒక్క ఇంట్లో కూడేది. మా అవ్వకు హిందీ ఒక్క అక్షరం రాదు. అయినా కైకేయి నోరు తెరిచిందంటే చాలు, "అదిగో అడిగేసింది పాపిష్ఠిది" అనేది. కథ తెలుసు కాబట్టి మాట అర్థమయింది. ఆజ్ఞ, యుద్ధం, వనం లాంటి మాటలు మన మాటలే కాబట్టి కొంత సాయం చేశాయి. అయితే ఏడాదిన్నర పాటు చూసిన తరువాత మా అవ్వ హిందీ మాట్లాడిందా? లేదు. ఆమెతో హిందీలో మాట్లాడినవారు లేరు, ఆమె జవాబు చెప్పవలసిన అవసరమూ రాలేదు.

ఈ రెండు ముక్కల్లోనే చాలా విషయం ఉంది. తెలిసిన కథ అయితే తెలియని మాట అందుతుంది. అందిన మాటకు జవాబు చెప్పే మనిషి లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. అమెరికాలో సియాటిల్ నగరంలోని విశ్వవిద్యాలయం వారు 2003లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన తొమ్మిది నెలల పిల్లలతో చీనా భాష మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని పన్నెండుసార్లు, సారికి 25 నిమిషాల చొప్పున ఆడుతూ మాట్లాడారు. ఆ పిల్లలు చీనా భాషలోని ధ్వనుల తేడాను చక్కగా పట్టుకున్నారు. మరికొందరు పిల్లలకు అవే మాటలు, అవే మనుషులను టీవీలో చూపించారు. వారికి ఏమీ పట్టుబడలేదు. పసిపిల్లల సంగతి పెద్దవాళ్లకు యథాతథంగా అంటగట్టలేం. పెద్దలం మనం చదవగలం, రాసుకోగలం, కావాలని చెవి పెట్టి వినగలం. అయినా ఎదురుగా మనిషి ఉండడానికీ, పెట్టెలో బొమ్మ ఉండడానికీ తేడా మాత్రం ఉంది.

ఇక మా పిల్ల చేస్తున్న అసలు పొరపాటు ఎక్కడుందో రెండో వారం పట్టుకున్నాను. టీవీలో స్పానిష్ మాట వస్తుంటే కింద ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూస్తోంది. కన్ను గబగబా ఇంగ్లీషు చదివేస్తుంటే చెవికి పనేముంది? అది హాయిగా నిద్రపోతుంది. గంట గడిచేసరికి కథ తెలుస్తుంది, భాష రాదు. 2009లో హాలెండు దేశంలో నైమేగన్ ఊరిలోని పరిశోధకులు దీన్ని తేల్చి చూశారు. ఇంగ్లీషు వచ్చిన డచ్చివారికి ఆస్ట్రేలియా యాసలో, స్కాట్లండ్ యాసలో ఉన్న చిత్రాలు చూపించారు. కింద ఇంగ్లీషు అక్షరాలతోనే చూసినవారు ఆ తరువాత అదే యాసలో కొత్త వాక్యాలను బాగా అందుకున్నారు. సొంత డచ్చి అక్షరాలతో చూసినవారు, ఏ అక్షరాలూ లేకుండా చూసినవారికంటే కూడా కొత్త వాక్యాల్లో వెనకబడ్డారు.

కాబట్టి, "మాట స్పానిష్ అయితే అక్షరమూ స్పానిష్‌లోనే పెట్టు" అని చెప్పాను. చెవిటివారి సౌకర్యం కోసం 1993 నుంచి అమెరికాలో పదమూడు అంగుళాలు, ఆపైన ఉన్న కొత్త టీవీలన్నిటికీ ఈ అక్షరాలు చూపే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ సౌకర్యం భాష నేర్చుకునేవారికి కూడా కలిసొచ్చింది. గంటసేపు చూడడం కూడా మాన్పించాను. పది నిమిషాలు చాలు. మొదట అక్షరాలతో, తరువాత అక్షరాలు తీసేసి, మూడోసారి తెర వైపు చూడకుండా వినమన్నాను. మొదటి వారం "విసుగ్గా ఉంది చిన్నమ్మా" అంది. విసుగు లేకుండా ఎక్కం వచ్చిన పిల్లను నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో చూడలేదు.

ఏం చూడాలన్నది తరువాతి ప్రశ్న. వార్తలు వేగంగా పరుగెడతాయి. వాతావరణం వార్తలు మంచివి, రోజూ అవే మాటలు తిరుగుతుంటాయి కదా. అన్నిటికంటే పనికొచ్చినవి సీరియళ్లు. నవ్వకండి. అక్కడివారి సీరియలు మన సీరియలులా ఏళ్ల తరబడి సాగదు, కొన్ని నెలల్లో కథ ముగుస్తుంది. కానీ లోపలి సరుకు ఒకటే. స్వేగ్రా అంటే అత్తగారు, న్వేరా అంటే కోడలు, ఎరెన్సియా అంటే వారసత్వపు ఆస్తి, మెంతీరా అంటే అబద్ధం. ఈ నాలుగు మాటలు తెలిస్తే సగం కథ అందినట్టే. పాత్రలు ఒక్కొక్క మాటా నిదానంగా అంటారు, అన్న తరువాత కెమెరా ముఖం మీద నిలుస్తుంది. మన ఆడవాళ్లకు ఇది కొట్టిన పిండి. నేర్చుకునేవారికనే 1992లో తీసిన "దెస్తీనోస్" అనే సీరియలు ఒకటి ఉంది, 52 భాగాలు. మరణించిందనుకున్న మొదటి భార్య సంగతి తెలుసుకోమని ఒక ముసలాయన ఒక లాయరమ్మను పంపిస్తాడు. ఆమె స్పెయిన్, అర్జెంటీనా, పోర్టోరికో, మెక్సికో తిరుగుతుంది. మాట మొదట నిదానంగా ఉండి పోనుపోను పెరుగుతుంది. మేమిద్దరం చెరోచోట అదే చూశాం.

ఇక్కడ నాకు మహా సంబరం కలిగించిన సంగతి ఒకటి చెబుతాను. అంతవరకు మా పిల్ల స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవాలని చూస్తోంది. ఇంగ్లీషులో "నేను కాఫీని ఇష్టపడతాను" అన్నట్టు ఉంటుంది కదా వాక్యం. స్పానిష్‌లో "మె గుస్తా ఎల్ కఫే". మె అంటే నాకు, గుస్తా అంటే నచ్చుతుంది. నాకు నచ్చుతుంది కాఫీ! అచ్చంగా మన వాక్యం. "మె దుయేలె లా కబేసా" అంటే నాకు తల నొస్తుంది. ఇంగ్లీషు మీదుగా వెళితే ఇదంతా తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగులోంచి వెళితే చదును దారి. మనం "మాట్లాడతాను" అంటే చాలు, "నేను" అనక్కరలేదు. వారూ అంతే. ఆబ్లో అంటే మాట్లాడతాను, ఆబ్లాస్ అంటే మాట్లాడతావు, ఆబ్లామోస్ అంటే మాట్లాడతాము.

ధ్వనుల్లో అయితే మనకు ఇంకా లాభం. స్పానిష్ త మన త, వారి ద మన ద. టమాటాను తొమాతె అంటారు. మనం ఇంగ్లీషు అలవాటుతో ట అని పలికితేనే తప్పు. పేరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. ర ఒకసారి తాకితే ఒక అర్థం, నాలుక అదిరితే మరో అర్థం. ఇంగ్లీషు పిల్లలు దీనితో నెలల తరబడి కుస్తీ పడతారు, మా పిల్ల మొదటి రోజే పలికింది. ఇంకొకటి సంధి. వారి భాషలోనూ అచ్చు మీద అచ్చు వస్తే కలిసిపోతుంది. మి అంటే నా, ఇహో అంటే కొడుకు. రెండూ కలిపి మిహో. మాట్లాడబోతున్నాడు అనడానికి వా, ఆ, ఆబ్లార్ అని మూడు మాటలు రాస్తారు, వినిపించేది వాబ్లార్ ఒక్కటే. టీవీలో మాటలు వేగంగా ఉన్నాయని ఏడాదిపాటు బాధపడింది ఈ పిల్ల. వేగం కొంతే, మిగతాది సంధి. విడదీయడం తెలిశాక చెవి తేరుకుంది. తెలుగు మాట్లాడితే పిల్లలకు వేరే భాష రాదేమో అని మా బడికి వచ్చి అడిగే తల్లులకు ఇప్పుడు ఈ మిహో కథే చెబుతున్నాను.

అయితే సీరియళ్లు ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టాయి. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వారికీ రెండు ఉన్నాయి. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. సీరియలులో ప్రేమికులు పొద్దస్తమానం తూ అనుకుంటారు. మా పిల్ల చెవిలో అదే నిలిచింది. ఒకరోజు డెబ్బై దాటిన ఒక పెద్దాయనను "దోందె తె దుయేలె" అని అడిగింది. నీకెక్కడ నొప్పి అని అర్థం. ఆయన ముఖం బిగుసుకుంది. పక్కనున్న మనవరాలు నవ్వి, "లె దుయేలె అనాలి" అని సరిదిద్దింది. లె అంటే మీకు. ఒక్క అక్షరంలో మర్యాద ఉంది. ఆ అక్షరాన్ని టీవీ నేర్పలేదు, మనవరాలు నేర్పింది. ఇప్పుడు ఆసుపత్రి వంటశాలలో పనిచేసే ఒక మెక్సికో ఆమెతో రోజూ టీ వేళ పావుగంట మాట్లాడుతోంది. ముందురాత్రి సీరియలులో ఏం జరిగిందో ఆమెకు చెప్పడం, తప్పు వస్తే ఆమె దిద్దడం. టీవీ చూసిన ఫలం అక్కడ మొదలయింది.

ఒక విషయంలో మాత్రం నేను కఠినంగా ఉన్నాను. జబ్బు వివరాలు, మందు మోతాదు, సంతకం చేయించే కాగితాలు, ఇక్కడ టీవీ స్పానిష్ వాడకూడదని మాట తీసుకున్నాను. 1980లో ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల కుర్రాడిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివారు "ఇంతాక్సికాదో" అన్నారు. తిన్నదేదో వికటించిందని వారి భావం. డాక్టర్లు ఇంగ్లీషు మాటతో పోల్చుకుని మాదకద్రవ్యం ఎక్కువగా తీసుకున్నాడని వైద్యం చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం జరుగుతోంది. అది ఆలస్యంగా బయటపడింది. ఆ కుర్రాడికి రెండు చేతులు, రెండు కాళ్లు పడిపోయాయి. ఇద్దరికీ తెలుసనుకున్న ఒక్క మాట అంత పని చేసింది. ఇంకో చిన్న ఉదాహరణ. ఇంగ్లీషులో రోజుకు ఒకసారి అని రాసే "వన్స్" అనే మాట అక్షరాలు స్పానిష్‌లో ఒన్సె అవుతాయి. ఒన్సె అంటే పదకొండు. మందు సీసా మీద ఆ మాట ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి. ప్రభుత్వ ధనం తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివారికి దుబాసీని ఏర్పాటు చేయాలని అక్కడి నిబంధన. మా పిల్ల ఇప్పుడు దుబాసీని పిలుస్తుంది, ఆయన వచ్చేదాకా రోగి చేయి పట్టుకుని తనకు తెలిసిన నాలుగు మాటలు మాట్లాడుతుంది. దుప్పటి మాత్రం తనే అడిగి కప్పుతుంది.

పోయిన ఆదివారం ఫోను చేసి కొత్త కష్టం చెప్పింది. వార్డులోకి పోర్టోరికో నుంచి ఒక తాత వచ్చాడట. ఆ దీవుల్లో మాట చివరి స మింగేస్తారు. మాస్ ఓ మేనోస్ అనవలసింది మా ఓ మేనో అంటారు. "ఇన్నాళ్లూ పట్టిన చెవి మళ్లీ మూసుకుపోయింది చిన్నమ్మా" అంది. పోర్టోరికో వాతావరణం వార్తలు ఎక్కడ దొరుకుతాయో వెతుకుతున్నాను, ఈ వారం పది నిమిషాలు మూడుసార్లు వింటానని చెప్పింది. నేనూ వింటానన్నాను.