దానమా, నష్టపరిహారమా?



సముద్రంలో మునిగిపోతున్న చిన్న ద్వీప దేశాలకు ధనిక దేశాలు డబ్బెందుకిస్తున్నాయని మొన్న ఒక మిత్రుడు అడిగారు. పోచంపాడ్‌లో కూర్చుని అడగదగిన ప్రశ్నే. 1963లో నెహ్రూ గారు ఇక్కడ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కాకతీయ కాలువ కింద కరీంనగర్ పొలాలు పండాయి. మునిగినవి నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల ఊళ్ళు. ఆ రైతులకిచ్చింది దానం కాదు, నష్టపరిహారం. చాలలేదంటే పాత భూసేకరణ చట్టం 18వ సెక్షన్ కింద కోర్టుకు పంపమని అడిగే హక్కుండేది. అదే ఎక్స్‌గ్రేషియా అయితే ఇచ్చింది పుచ్చుకోవడమే. ఫైళ్ళు రాసినవాళ్ళం, ఆ తేడా మనకొకరు చెప్పాలా?

తువాలు దేశం జనాభా సుమారు 11 వేలు. సముద్రాన్ని పెంచిన పొగ వారిది కాదు. నష్టానికి బీమా నిధి కావాలని ద్వీప దేశాల పక్షాన వనువాటు 1991లోనే అడిగింది. 2015లో పారిస్ ఒప్పందంలో నష్టం మాట చేర్చారు గాని, బాధ్యతకూ పరిహారానికీ అది ఆధారం కాదని పక్కనే తీర్మానంలో రాయించుకున్నారు. ఎంత లక్షణమైన ఆఫీసు నోటో చూడండి! 2022లో నిధికి ఒప్పుకున్నా, ఎవరెంత ఇవ్వాలో వారి ఇష్టానికే వదిలారు.

స్వప్రయోజనమూ లేకపోలేదు. 2023 ఒప్పందంలో ఏటా 280 మంది తువాలు వాసులకు చోటిస్తామన్న ఆస్ట్రేలియా, ఇతరులతో రక్షణ ఒప్పందాలకు తన సమ్మతి కావాలని షరతు పెట్టింది.

బాధ్యత మీరిన దేశం పరిహారం చెల్లించవలసి రావచ్చని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలైలో అభిప్రాయం చెప్పింది. అది సలహాయే, డిక్రీ కాదు. అయినా ఇకమీదట ద్వీపాలవాళ్ళు తమ అర్జీలో ‘సహాయం’ కొట్టేసి ‘పరిహారం’ అని రాసుకోవచ్చు.