తోటలో కొత్త సాలెపురుగు కనబడితే
(సున్నిపెంటలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పోయిన నెల మా కంది చేనులో సాళ్ల మధ్య పెద్ద గూడు, దాని నడుమ పసుపు పట్టెల సాలెపురుగు. పనికొచ్చిన పిల్లోడు "మామా, ఇది విషప్పురుగు, మందు కొట్టేస్తా" అని పంపు భుజానికెత్తుకున్నాడు. ఆగరా, ముందు చూద్దామన్నాను.

ఏం చూడాలి? గూటి నడుమ ఇంటూ గుర్తు మాదిరి తెల్లటి అల్లిక ఉండి, కాళ్లు జంటలుగా చాచి కూర్చుంటే అది తోటల్లో మామూలుగా ఉండేదే. మా చేనులోదీ అదే. గూడు అల్లకుండా నేలమీద పరుగెత్తుతూ, పిల్లలను వీపున మోసేది తోడేలు సాలీడు. కాళ్లనిండా ముళ్లతో ఆకులమీద దూకేది ఇంకొకటి. ఇవేవీ పైరును కొరకవు. పైరును తినే పురుగులను పట్టి తింటాయి. తెలియక మందు కొడితే మనకు కూలి తీసుకోకుండా పనిచేసేవాళ్లను మనమే చంపుకున్నట్టు. పైగా మందు ఖర్చు మన నెత్తినే.

ఇక మన నల్లమలది ఒకటుంది. ఒళ్లంతా మెరిసే నీలం, కాళ్లమీద పసుపు మచ్చలు, అరచేయంత పెద్దది. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికితే, పొకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాని వివరాలు రాశాడు. అడవి కట్టెలతో పాటు రైలెక్కి వచ్చిందని అంచనా. తర్వాత నూరేళ్లు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. ముసలి చెట్ల తొర్రల్లో బతుకుతుంది. ఆ చెట్లు నరికితే దానికి ఇల్లు లేదు. అందుకే ప్రపంచంలో అంతరించే ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న జీవుల జాబితాలో చేరింది. విదేశాల్లో దీన్ని పెంచుకునే సరదా ఉంది. 2019 నుంచి దేశాల మధ్య దీని వ్యాపారంపై నియంత్రణ వచ్చింది.

కాబట్టి మూడు మాటలు. చేత్తో పట్టొద్దు, ఎందుకంటే నీలం దాని కాటు బాగా నొప్పి, కండరాలు పట్టేస్తాయి. కరిస్తే కోయడం, కట్లు కట్టడం మాని ఆసుపత్రికి పోవాలి. ఫోనులో ఫొటో తీసి అటవీ సిబ్బందికి చూపించండి. డబ్బులిస్తాం, పట్టివ్వమని ఎవరైనా వస్తే ఊళ్లో నలుగురికీ చెప్పండి.

పంపు ఎత్తేముందు ఒక్క నిమిషం వంగి చూద్దాం.